ఏ కలంతో రాస్తావు?

ఆరో తరగతిలో నేనూ నా స్నేహితుడూ ‘క’ భాషకి లిపి కట్టాం. ‘రా’ అనడానికి ‘కరా’ అనే ఆ భాష మా మాస్టారికీ వచ్చు. అందుకని రాతలో దాచుకుందామనుకున్నాం. హైదరాబాద్ శాలిబండ బడిలో బల్లమీద కంపాస్ మొనతో చెక్కితే ‘ల’లాంటి గుండ్రన ఒక్కటీ తిరగలేదు. చెక్క పొర మొనని తనవైపు లాగేసేది. చివరికి నిలువు గీతలూ ఏటవాలు గీతలూ మిగిలాయి.

ఉత్తర ఐరోపా రూను అక్షరాలూ అలాంటివేనని చాలా ఏళ్లకి చదివాను. పాత వరుసలో 24 అక్షరాలు. కొయ్యమీద అడ్డగీత పొరలో కలిసిపోతుంది కనుక దాన్ని తప్పించారంటారు. మన తాటాకుది ఇంకో తీరు. గంటం ఈనెవెంట తిన్నగా సాగితే ఆకు చీలుతుంది, అందుకే తెలుగు గుండ్రబడిందని పెద్దలమాట.

పనిముట్టే అక్షరాన్ని మలుస్తుందన్న ఆలోచన నాలో పెట్టింది మాత్రం ఛత్తాబజార్‌లో ఉర్దూ రాతపని చేసే కాతిబ్ చాచా. అక్క పెళ్లి కార్డులకి నాన్నతో వెళ్లి, నా నోటుబుక్కు చూపించాను. ఓపిగ్గా చూసి, “ఏ కలంతో రాస్తావు బేటా?” అన్నాడు. నాకు జవాబు తోచలేదు. ఆయన రెల్లుకలం ఏటవాలుగా చెక్కి ఒక చుక్క పెట్టాడు. ఉర్దూ రాసే నస్తాలీఖ్ తీరుకి ఆ చుక్కే కొలబద్ద: అలిఫ్ అనే అక్షరం మూడు చుక్కల ఎత్తు. మాట పైన మొదలై కిందికి జారుతుంది, పక్కన ఎవరున్నారో చూసి ప్రతి అక్షరమూ ఒళ్లు మార్చుకుంటుంది.

అచ్చుకి లొంగనిది ఆ గుణమే. ఉర్దూలో చదువు చెప్పడానికి 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టింది. దానికి ఏడాది ముందే అనువాద శాఖ పెట్టి శాస్త్రాలకి కొత్త మాటలు పుట్టించారు. మాటల్ని పుట్టించగలిగిన నిజాం రాజ్యం నస్తాలీఖ్ టైపురైటర్ చేయబోయి, వీలుకాదని వదిలేసింది. వేల అచ్చుముక్కలు కావాలి మరి! కాతిబ్‌ల చేతులకి అలా ఇంకో అరవై డెబ్బై ఏళ్ల పని దొరికింది. 1981లో పాకిస్తాన్‌లో మీర్జా అహ్మద్ జమీల్ వేల అక్షరగుత్తుల్ని గీసి నూరీ నస్తాలీఖ్ అనే కంప్యూటర్ ఫాంటు తెచ్చాడు. తర్వాత ఛత్తాబజార్‌లోకి కంప్యూటర్లు వచ్చాయి. కలాలు ఒక్కొక్కటే మూలపడటం నేను చూశాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

కలమే లిపికి తల్లి అని చాలాకాలం నమ్మాను. సవర గిరిజనుల కథ తెలిశాక ఆ నమ్మకం సడలింది. 1936లో మంగేయి గొమాంగో వాళ్ల భాషకి సోరంగ్ సోంపెంగ్ లిపి కట్టాడు. ఒడియా, తెలుగు లిపులు తెలిసినవాడే, అయినా వాటిని అడగలేదు. 24 అక్షరాలు, ఒక్కో అక్షరానికి ఒక్కో దేవత. సవరలు ఆ అక్షరాల్ని పూజించారు. మేం దాచుకోవడానికి కట్టుకున్నాం, వాళ్లు తమదంటూ నిలబెట్టుకోవడానికి.

ఆరోజు చాచా మా ‘క’ని తన కలంతో ఒకసారి రాసిచ్చాడు. బల్లమీద ఒకే మందంలో ఉండే ఏటవాలు గీత, ఆయన చేతిలో పైన సన్నగా మొదలై కింద వెడల్పయింది.