పంటి వేరుకు వైద్యము

పళ్ళూడగొట్టుకొనుటకు ఏ రాయియైన నేమి అని మనవారు సామెత చెప్పుదురు. ఆ సామెత పుట్టిన సందర్భము వేరు. కాని దంతవైద్య చరిత్రను తిరుగవేసి చూచినచో అందు కొంత అక్షరసత్యము కూడ లేకపోలేదు. చాల శతాబ్దములపాటు తీరని పంటినొప్పికి లోకమున నిలిచిన చికిత్స ఒక్కటియే: పన్ను పెరికివేయుట. రాయికి బదులు పటకారు వచ్చినది, అంతియే భేదము. నొప్పిని పోగొట్టి పన్నును నిలుపుకొనవచ్చునను ఆలోచన మనుష్యునకు చాల ఆలస్యముగ కలిగినది. నేడు మనము రూట్ కెనాల్ చికిత్స అని పిలుచునది ఆ ఆలోచనకు ఫలమే. ఆ పేరు విన్నంతనే గుండె జారువారు మనలో పెక్కురు కలరు. ఆ భయము ఎక్కడనుండి వచ్చినదో, నేడు దానిలో ఎంత న్యాయము మిగిలినదో తెలియవలెనన్నచో, ఈ చికిత్స నడచివచ్చిన త్రోవను ఒకమారు చూడవలసియున్నది.

పన్ను పైకి రాయివలె కనిపించినను లోపల జీవముగల అవయవము. పైన తెల్లగ మెరయునది పింగాణి పొర. మన శరీరమున దానికంటె గట్టి పదార్థము మరియొకటి లేదు. దాని క్రింద ఎముకను పోలిన డెంటిన్ అను పొర యుండును. ఆ పొర నడుమ ఒక చిన్న గదియు, ఆ గదినుండి ప్రతి వేరు కొనవరకు సాగిన సన్నని నాళములును ఉండును. వీనిలో నిండియున్న మెత్తని పదార్థమే దంతమజ్జ. పంటికి సంబంధించిన నరములును రక్తనాళములును అందే యున్నవి. పుచ్చు లోతునకు దిగి మజ్జను చేరినపుడు మజ్జ వాచును. శరీరమున వేరొకచోట వాపు వచ్చినచో చర్మము సాగి దానికి చోటిచ్చును. పంటిలోపలి గోడలు సాగవు. అందుచేతనే ఆ నొప్పి అంత దుస్సహము. వాచిన మజ్జ కొన్నాళ్ళకు చచ్చును. అంతట నొప్పి శాంతించును. గండము గడచినదని రోగి సంతోషించును. లోపల మాత్రము చచ్చిన మజ్జయందు సూక్ష్మజీవులు పెరుగుచు, వాని ప్రభావము వేరు కొనను దాటి దవడ ఎముకను చేరుచుండును. వేరు కొనవద్ద చీముగడ్డ పుట్టునది ఇట్లే.

ఈ సంగతి తెలియని కాలమున, పంటిని తొలుచునది పురుగు అని పెక్కు దేశములవారు నమ్మిరి. బాబిలోనియావారి మట్టిపలకపై పంటిపురుగును వెడలగొట్టు మంత్రము కలదు. మన సుశ్రుత సంహితలో దంతరోగముల నడుమ కృమిదంతమను పేరు కనిపించును. నల్లబడి, రంధ్రము పడి, కదలుచు, వాపుతోడను నొప్పితోడను బాధించు పన్ను అని దాని లక్షణములు చెప్పబడినవి. లక్షణములను చూచిన ఆ కన్ను చాల నిశితమైనది. కారణమును చూపగల సాధనమే ఆనాడు లేదు. మన పల్లెలలో వాకుడు గింజలను కాలిన ఇనుముపై వేసి, ఆ పొగను నోటికి పట్టించి, పురుగులు రాలినవని చూపువారు ఉండెడివారు. ఇంగ్లండునందును ఇట్టివారు కలరు. 1597లో జాన్ జెరార్డ్ తన మూలికా గ్రంథమున వారి గుట్టు బయటపెట్టెను. వీణెవంటి వాద్యపు తీగె తునకలను నీటిలో జారవిడిచి, ఇవి నీ పంటిపురుగులని రోగిని నమ్మించి ధనము గుంజుచున్నారని ఆయన వ్రాసెను.

1728లో పారిసున పియేర్ ఫొషార్ అను వైద్యుడు దంతచికిత్సను గూర్చి రెండు సంపుటముల గ్రంథమును వెలువరించెను. ఆయన పుచ్చుపళ్ళను సూక్ష్మదర్శినితో పరీక్షించి, తనకు పురుగు కనిపించలేదని చెప్పెను. అంతటితో ఆగక, చీముపట్టిన పంటిని పెరుకుటకు మారుగ, దానిని తెరచి చీమును వెడలనిచ్చి, పిదప లోహపు రేకుతో పూడ్చు పద్ధతిని వర్ణించెను. పంటిని నిలుపవలెనను బుద్ధికి ఇది తొలిమెట్లలో ఒకటి.

పందొమ్మిదవ శతాబ్దమున ఈ పని అమెరికాలో చురుకుగ సాగెను. 1836లో స్పూనర్ అను వైద్యుడు మజ్జను చంపుటకు పాషాణమును వాడవచ్చునని ప్రకటించెను. పాషాణమునకు తన పర భేదము లేదు. అది మజ్జను దాటి ఎముకను, చిగురును కూడ చంపగలదు. 1838లో ఎడ్వర్డ్ మేనార్డ్ గడియారపు స్ప్రింగును ఆకురాయితో అరగదీసి, వేరులోని నాళమును శుభ్రము చేయు సన్నని పనిముట్టును తయారుచేసెను. నేటి రూట్ కెనాల్ సూదులు ఆ వంశమునకు చెందినవే. 1864లో న్యూయార్కు వైద్యుడైన బార్నమ్, పంటిచుట్టు పలుచని రబ్బరు పొరను బిగించి ఉమ్మిని దరి చేరనీయని ఉపాయమును కనిపెట్టెను.

ఇక ఖాళీచేసిన నాళమును దేనితో పూడ్చవలెను? 1867లో బౌమన్ అనునతడు గటాపర్చాను వాడెను. ఇది మలయా ప్రాంతమున పెరుగు ఒక చెట్టు పాలనుండి తీయు పదార్థము. వేడికి మెత్తబడును, చల్లారినచో గట్టిపడును, నీటికి చెడదు. ఆ గుణముచేతనే ఆ కాలమున సముద్రగర్భమున పరచిన తంతితీగెలకు దీనినే తొడుగుగ వాడిరి. ఖండములనడుమ వార్తలను మోసిన తీగెలకు కవచమైన పదార్థమే నేటికిని మన పంటివేళ్ళలో కాపున్నది.

అయినను ఇవన్నియు రోగి ఓర్పుమీద నడచిన చికిత్సలు. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ కొకెయిన్ చుక్కలతో కంటికి స్పర్శ లేకుండ చేయవచ్చునని చూపెను. అనతికాలముననే అమెరికాలో హాల్‌స్టెడ్ ఆ మందును సూదిద్వారా దవడ నరమువద్ద ఎక్కించి, ఆ భాగమును మొద్దుబారునట్లు చేసెను. కాని కొకెయిన్ వ్యసనమును తెచ్చు మందు. హాల్‌స్టెడ్ తానే దాని వాతబడెను. 1905లో వాడుకలోనికి వచ్చిన ప్రొకెయిన్, 1943లో స్వీడనున తయారైన లిగ్నొకెయిన్ ఈ కష్టమును తీర్చినవి.

నొప్పి తరువాత చీకటి. వేరు ఎంత పొడవున్నదో, నాళము ఎటు వంగినదో వైద్యుని కంటికి కనిపించదు. 1895లో రాంట్‌జెన్ ఎక్స్-కిరణములను కనుగొనెను. మరుసటి జనవరిలోనే జర్మనీలో వాల్క్‌హాఫ్ తన పళ్ళను ఆ కిరణములతో ఛాయాచిత్రము తీయించుకొనెను. దానికొరకు ఇరువదియైదు నిమిషములు కదలక ఉండవలసివచ్చెను. 1899లో న్యూ ఆర్లియన్సు వైద్యుడైన ఎడ్మండ్ కెల్స్, చికిత్స వేరు కొనవరకు చేరినదో లేదో తెలిసికొనుటకు ఈ కిరణములను వాడెను. వాని ప్రమాదము ఎవరికిని పూర్తిగ తెలియని రోజులవి. ఆయన చేతికి క్యాన్సరు సోకి, అనేక శస్త్రచికిత్సలు జరిగి, తుదకు చేయియే పోయి, 1928లో ఆయన మరణించెను. నేడు మన పంటికి క్షణకాలమున ఎక్స్-రే తీయునపుడు, ఆ క్షణమునకు వెల చెల్లించినవారు కలరని మరువరాదు.

ఇట్లు సాధనములు సమకూడుచున్న వేళనే పెద్ద ఎదురుదెబ్బ తగిలెను. 1910లో విలియం హంటర్ అను ఆంగ్లవైద్యుడు కెనడాలోని మాంట్రియల్ నగరమున ఉపన్యసించుచు, చీముపట్టిన పంటివేళ్ళను బంగారు పనితనముతో కప్పిపుచ్చుచున్నారని దంతవైద్యమును తీవ్రముగ నిందించెను. ఆ నిందలో న్యాయము లేకపోలేదు. ఆనాటి పనిలో శుచి తక్కువ. కాని వాదము హద్దు మీరెను. కీళ్ళవాతము మొదలు మతిభ్రమణము వరకు పెక్కు వ్యాధులకు పంటివేళ్ళలోని సూక్ష్మజీవులే హేతువనిరి. నొప్పిలేని పళ్ళను సైతము పెరికిరి. న్యూజెర్సీలోని ట్రెంటన్ మానసిక చికిత్సాలయమున హెన్రీ కాటన్ అను వైద్యాధికారి రోగుల పళ్ళను, ఆ పిమ్మట ఇతర అవయవములను కూడ తీయించెను. పెక్కురు ప్రాణములు కోల్పోయిరి. పురుగును నమ్మిన కాలమున అజ్ఞానమువలన పళ్ళు పోయినవి. ఈ కాలమున విజ్ఞానమును సగము తెలిసి భయపడుటవలన పోయినవి.

ఆ పొంగు చల్లారుటకు చాల ఏండ్లు పట్టెను. 1938లో సెసిల్, ఆంజెవిన్ అను వైద్యులు 200 మంది కీళ్ళవాత రోగుల వృత్తాంతములను పరిశీలించి, పళ్ళు, టాన్సిళ్ళు తీయించుటవలన ఆశించిన మేలు కలుగలేదని తెలిపిరి. 1943లో ఈ చికిత్సను నమ్మిన వైద్యులు అమెరికాలో సంఘముగ ఏర్పడిరి. 1963లో అచట అది ప్రత్యేక శాఖగ గుర్తింపు పొందెను. 1965లో కకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అను ముగ్గురు పరిశోధకులు ఎలుకల పళ్ళలో మజ్జ బయటపడునట్లు రంధ్రములు చేసిరి. సామాన్యపు ఎలుకలలో మజ్జ చచ్చి చీముగడ్డలు పుట్టెను. ఒక్క సూక్ష్మజీవియైనను లేని వాతావరణమున పెంచిన ఎలుకలలో అట్టి గాయమే మానిపోయెను. అపరాధి పన్ను కాదు, సూక్ష్మజీవి అని దీనితో రుజువైనది. కావున సూక్ష్మజీవిని తొలగించి, అది మరల చొరరాకుండ తలుపు మూసినచో పంటిని శిక్షింపనవసరము లేదు. రూట్ కెనాల్ చేయించుకొన్నచో ఒడలెల్ల రోగములు వచ్చునని నేటికిని చెప్పువారు కలరు. అది 1910 నాటి భయమునకు ప్రతిధ్వని. తరువాతి పరిశోధనలు దానిని బలపరచలేదు.

మన దేశమున 1920లో కలకత్తాలో డాక్టర్ రఫీయుద్దీన్ అహమ్మద్ దంతవైద్య కళాశాలను స్థాపించెను. 1948లో దంతవైద్యుల చట్టము వచ్చెను. 1959లో హైదరాబాదున ప్రభుత్వ దంతవైద్య కళాశాల వెలసెను. అనగా మన తాతల తరమువారు పళ్ళను తేలికగ వదలుకొన్నారన్నచో, అది వారి నిర్లక్ష్యము కాదు. పంటిని నిలుపు వైద్యుడు వారికి దొరకుటయే అరుదు.

ఇక రోగి తెలిసికొనవలసినవి చెప్పుకొందము. మొదట సూదిమందిచ్చి పంటిని మొద్దుబార్తురు. రబ్బరు పొరను బిగించి, పంటిపై చిన్న ద్వారము చేసి, మజ్జను తీసి, నాళములను సన్నని సూదులతో రాచి, సూక్ష్మజీవులను చంపు ద్రవముతో కడుగుదురు. తరువాత గటాపర్చాతో పూడ్చి, పైన మూయుదురు. ముందుపంటికి సామాన్యముగ ఒక నాళము, దవడపంటికి మూడో నాలుగో ఉండును. కావుననే కొన్ని పళ్ళకు ఒకనాడు చాలును, కొన్నిటికి రెండు మూడు నాళ్ళు కావలసివచ్చును. చికిత్స జరుగునపుడు నొప్పి తోచినచో ఓర్చుకొనుట గొప్ప కాదు. చేయి ఎత్తి చెప్పవలెను, మరికొంత మందిత్తురు. పిదప కొన్నాళ్ళు నమలునపుడు సలుపుట వింత కాదు.

మాత్రలతోనే పని జరుగునని తలచువారు కలరు. చచ్చిన మజ్జలోనికి రక్తము పోదు; రక్తము పోనిచోటికి మాత్రలోని మందును పోలేదు. లవంగనూనె కొంత ఉపశమనమిచ్చును గాని మూలమును తాకదు. మరియొక పొరపాటు చికిత్సను నడుమ విడుచుట. మొదటినాడే నొప్పి తగ్గును. అంతట రెండవ పర్యాయము పోవుటకు మనసు రాదు. తాత్కాలికముగ పెట్టిన పూత అరిగి, ఉమ్మి లోనికి దిగి, చేసిన పని యంతయు వ్యర్థమగును. దవడపన్ను నమలుటలో పగులకుండ పైన తొడుగు వేయించుట సాధారణముగ అవసరము. దానిని ఆడంబరమని వాయిదా వేసి, విరిగిన పంటితో తిరిగి వచ్చువారు అనేకులు.

ఈ చికిత్స ప్రతిసారియు ఫలించునని చెప్పుట సత్యము కాదు. నాళము మరుగున పడియుండవచ్చును, వేరు పగిలియుండవచ్చును. అట్టియెడ చికిత్సను మరల చేయుట, లేక వేరు కొనకు చిన్న శస్త్రము చేయుట కలదు. కొన్ని పళ్ళకు పెరుకుటయే న్యాయము. మధుమేహము, గుండెకవాటపు జబ్బు ఉన్నవారు, గర్భిణులు ఆ సంగతి ముందే వైద్యునితో చెప్పవలెను. ముఖము వాచి జ్వరము వచ్చినచో, మ్రింగుటకో ఊపిరి పీల్చుటకో కష్టమైనచో, ఒక్క గడియ ఆగక ఆసుపత్రికి పోవలెను.

పన్ను పెరికించుకొనుటకు ముందు, దీనిని నిలుపుటకు వీలు కలదా, ఎంత కాలము పట్టును, ఎంత వ్యయమగును, పెరికినచో ఆ ఖాళీకి ఏమి చేయవలెను అని అడుగుట రోగికి హక్కు. విప్పి చెప్పుట వైద్యునికి ధర్మము. పెరికిన పన్ను తిరిగి రాదు. నొప్పి అణగిన నాడే వైద్యుని దర్శించువాడు, తనకు తెలియకుండనే, రెండువందల యేండ్ల శ్రమఫలమును అనుభవించుచున్నవాడు.