ఆచార్యుల కడుపునొప్పి

రాయచూరు సీమలోని మానవిలో ఆ రోజు సంతర్పణ. విజయదాసులు ఊళ్లోకి వచ్చారు. తంబూరాలు శ్రుతి అవుతున్నాయి, విస్తళ్లు పరుస్తున్నారు. పిలుపు అందినవాళ్లంతా కదిలారు గానీ శ్రీనివాసాచార్యులు గడప దాటలేదు. సంస్కృతంలో ఉద్దండుడు, వేదాంతం కొట్టినపిండి. వీధిలో గజ్జె కట్టి కన్నడ పాటలు పాడేవాళ్ల పంక్తిలో తాను కూర్చోవడమా? కడుపునొప్పి, రాలేనని కబురు పంపారు.

సాకు నిజమై కూర్చుందని హరిదాసుల కథలు చెబుతాయి. నొప్పి పట్టుకుంది. ఏ మందుకూ లొంగలేదు.

ఆచార్యులు కాదన్న ఆ పాటగాడు, విజయదాసులు, ఎవరు? 1682లో అదే రాయచూరు సీమలోని చీకలపర్విలో పుట్టిన పేదింటి బిడ్డ. పూట గడవక ఇల్లు విడిచి కాశీ దాకా వెళ్లాడు. అప్పటికి పురందరదాసు పోయి నూరేళ్లు దాటింది. అయినా ఆయనే కలలోకి వచ్చి నాలుక మీద 'విజయవిఠల' అని రాశాడంటారు. పాటలో సంతకంలా నిలిచే ఆ ముద్రతో పాతికవేల రచనలు చేశారని ప్రతీతి. అన్నీ ఎవరు లెక్కపెట్టారో గానీ, సుళాదుల్లో ఆయనే మేటి అన్నదాంట్లో వాదం లేదు. సుళాది అంటే మాటలా? ఒకే రచన ధ్రువ, మఠ్య, ఝంపె, అట అంటూ తాళం తర్వాత తాళం మారుతూ పోతుంది. వీధి పాట అని తీసిపారేసిన ఆచార్యులకు ఆ సంగతి పట్టలేదు.

నొప్పి భరించలేక ఆయన మంత్రాలయం చేరారు. 1671లో రాఘవేంద్రులు బృందావనస్థులైన చోట సేవ చేశారు. ఎవరిని కించపరిచావో వారినే ఆశ్రయించమని కలలో ఆదేశం వచ్చిందట. వెళ్లి విజయదాసుల కాళ్ల మీద పడ్డారు. ఆయన తాను నయం చేయకుండా శిష్యుడు గోపాలదాసు దగ్గరికి, ఉత్తనూరుకు పొమ్మన్నారు. ఇప్పటి గద్వాల జిల్లాలోని ఊరది. అసలు వైద్యం అక్కడే జరిగిందని నాకనిపిస్తుంది. గురువు ముందు వంగడం ఒక ఎత్తు, గురువు శిష్యుడి ముందు వంగడం ఇంకో ఎత్తు.

గోపాలదాసు జొన్నరొట్టె పెట్టారు. నొప్పి తగ్గింది. తన ఆయుష్షులో నలభై ఏళ్లు కూడా ధారపోశారని కథ. ఇక్కడ లెక్క కొంచెం తేడా కొడుతుంది. ఆచార్యులు పుట్టింది 1728లో. విజయదాసులు 1755లో కాలం చేశారు. అంటే ఈ గొడవంతా జరిగేనాటికి ఆచార్యులకు ఇరవై ఏడు దాటలేదు. నలభై కలిపినా అరవై ఏడే. ఆయన 1809 దాకా, ఎనభై ఒక్కేళ్లు బతికారు. పై పద్నాలుగేళ్లు వడ్డీ అనుకోవాలేమో! లెక్క ఎలా ఉన్నా, అది పాతికేళ్ల కుర్రాడి పొగరు అని మాత్రం తేలింది.

తర్వాత ఆయన పండరీపురం వెళ్లారు. అక్కడి చంద్రభాగ నదిలో 'జగన్నాథవిఠల' అనే ముద్ర దొరికిందని సంప్రదాయం. శ్రీనివాసాచార్యులు జగన్నాథదాసయ్యారు. గజ్జె కట్టారు, ఏ భాషను చిన్నచూపు చూశారో ఆ కన్నడంలోనే పాడారు. భామినీ షట్పది ఛందస్సులో ఆయన రాసిన 'హరికథామృతసార'ను మాధ్వ పండితులు ఈనాటికీ పారాయణ చేస్తారు, దాని మీద సంస్కృతంలో కూడా వ్యాఖ్యానాలు పుట్టాయి.

విజయదాసులు చివరి రోజులు గడిపింది చిప్పగిరిలో. మన దేవనకొండ, ఆ చిప్పగిరి రెండూ ఆలూరు నియోజకవర్గంలోని మండలాలే. ఓట్లప్పుడు ఒకే అభ్యర్థి రెండు ఊళ్లూ తిరుగుతాడు గానీ, పాట కోసం దేవనకొండ వాళ్లు అటు వెళ్లడం తక్కువే. కార్తీక శుద్ధ దశమికి చిప్పగిరిలో విజయదాసుల ఆరాధన. దేవనకొండ నుంచైతే పత్తికొండ మీదుగా వెళ్లొచ్చు, రైలుకు వచ్చేవాళ్లు గుంతకల్లులో దిగితే దగ్గర.