నువ్వుపైరున విత్తువేళ, సేంద్రియ ద్రవముల పిచికారి: శ్రీకాకుళ, విజయనగర జిల్లాల సేద్యమునుగూర్చి యొక పరిశీలనము

నాగావళి, వంశధార, చంపావతి నదీప్రాంతములయందలి ఎఱ్ఱగరప నేలలలో నువ్వు విత్తు రైతు నేటికిని కార్తెలనే లెక్కించుచున్నాడు. భరణి, కృత్తిక కార్తెలలో, అనగా ఏప్రిల్ కడపటి దినములు మొదలు మే నాలుగవ వారము వఱకు, ఉఱుములతో కురియు జల్లులకు దుక్కిచేసి విత్తిన చేను శ్రావణమునకు కోతకు వచ్చి, కొన్నిచోట్ల ఆ నేలయందే వరినాట్లకు తావొసగును. వరికోతలు ముగిసిన పిదప డిసెంబరు, జనవరి మాసములలో విత్తునది రెండవ పంట. ఎలమంచిలి వ్యవసాయ పరిశోధనా స్థానమునుండి వెలువడిన గౌరి, మాధవి, ఎలమంచిలి-11, ఎలమంచిలి-17, శారద అను రకములు ఈ తీరప్రాంత వాతావరణమును దృష్టియందుంచుకొని రూపొందినవే.

నువ్వు ఎనుబది తొంబది దినములలో ముగియు పైరు. ముప్పది, ముప్పదియైదు దినములకే పూత మొదలై అడుగునుండి కొనవఱకు క్రమముగా పూచుచు కాయలు కట్టుచుండును. ఇట్టి అల్పాయుష్కమగు పైరునకు పక్షము దినముల జాగు స్వల్పముగాదు. మృగశిర దాటినపిదప విత్తిన చేనికి పూతవేళ పెనువానలు తగులును. నీరు ఒకటి రెండు దినములు నిలిచినను వేరుకుళ్లు సోకి మొక్కలు వాడిపోవును. పగటి నిడివి తగ్గిన కొలది త్వరపడి పూచు స్వభావము దీనికి గలదగుటచే, ఆలస్యముగా విత్తిన మొక్క కొమ్మలు చాలినంత వేయకమునుపే పూతకు దిగును. దీనికితోడు పూవులన్నియు ఆకుపచ్చని రెమ్మలుగా మాఱిపోవు వెఱ్ఱితెగులు, దానిని మోసికొనివచ్చు దీపపు పురుగులు పెచ్చుపెరుగు కాలములో ఎక్కువ నష్టము కలిగించును. ఆ తెగులు సోకిన మొక్కను పెఱికివేయుటయే గాని, ఏ కషాయమును దానిని మరల కాయ కాయింపజాలదు.

ఇక ఆకులపై చల్లు ద్రవముల మాట. సురపాలుని వృక్షాయుర్వేదమున కుణపజలము ప్రసక్తమైయున్నది. కొడుముడికి చెందిన నటరాజన్ వైద్యుని కృషివలన ఇటీవలి దశాబ్దములలో పంచగవ్యము పైరులకు వ్యాపించినది. ఆంధ్రప్రదేశమున 2016 నుండి ప్రకృతి సేద్యము ప్రభుత్వ కార్యక్రమమైన పిమ్మట జీవామృతము, నీమాస్త్రము పల్లెపల్లెకు పరిచితములైనవి. వీని శక్తి యెట్టిదో చిన్న లెక్కతో చూడవచ్చును. నూటికి మూడుపాళ్లుగా కలిపి ఎకరమునకు 200 లీటర్లు చల్లినచో అందలి పంచగవ్యము 6 లీటర్లు. నూటికి ఒక పాలు నత్రజని యున్నదని ఉదారముగా ఒప్పుకొన్నను మొత్తము 60 గ్రాములు మాత్రమే. కిలోలకొలది నత్రజని కోరు పైరునకు ఇది ఎరువు కాజాలదు. ఫలము కనబడినచో అందలి వృద్ధికారక ద్రవ్యములవలననో, సూక్ష్మజీవులవలననో కలిగినదని తలపవలయును. పేరుతో వచ్చిన పవిత్రత యీ విచారణకు అడ్డు రాకుండుట మేలు.

మఱియొక చిక్కు గలదు. ముప్పదియవ దినమున చల్లవలసిన ద్రవము మే పంటకు జూన్ నడుమ, నైరుతి వానలు దిగు వేళకే పడును. చల్లిన గంటకే వాన దానిని కడిగివేయవచ్చును. జనవరి పంటకో, ఫిబ్రవరి పొడిదినములలో ఆకుపై నిలిచి ఇంకుటకు వలయు వ్యవధి లభించును. కావున ఒకే ద్రవము రెండు పంటలలో రెండు ఫలముల నీయవచ్చును. ఒక విత్తువేళయందు తేలిన ఫలమును ఇంకొకదానికి అన్వయించుట శాస్త్రసమ్మతము కాదు. నైర వ్యవసాయ కళాశాల వంటి చోట పరిశీలన జరిపినచో విత్తుతేదీలను పదునైదేసి దినముల యెడముతో పెద్ద మడులలోను, ద్రవములను వానిలోని చిన్న మడులలోను ఏర్పఱుపవలయును. వట్టినీరు చల్లిన మడియు తప్పక యుండవలయును. ఎకరమునకు 200 లీటర్లనగా మిల్లీమీటరులో ఇరువదవ వంతు వానయే. అది వేరును తడుపజాలకున్నను, ఎండవేళ ఆకుపై దుమ్మును కడిగి చల్లబఱచుననుట నిజము. ఆ మేలును పంచగవ్యము ఖాతాలో వ్రాయరాదు.

నా మట్టుకు, మే నెలలో విత్తిన రైతు రెండు మూడు దినముల తెరపి కుదిరిననాడే పిచికారి చేయుట యుక్తము. తెరపి దొరకనిచో ద్రవమును ఆకులపై వృథాచేయక, జీవామృతమును తడినేలలో సాళ్లవెంట పోయుట ఖర్చు తక్కువగు పద్ధతి.