కొరివి దాచిన తల్లి

మాతృదినోత్సవం రోజున అమ్మల కథలు చాలా వినిపిస్తాయి. నాకు మాత్రం గ్రీకు పురాణాల అల్థయా గుర్తొస్తుంది. ఆమె కథ ముగ్గురు విధి దేవతల మాటతో మొదలవుతుంది.

క్లోతో ఆయుష్షు దారం వడుకుతుంది. లాకెసిస్ ఎవరికెంతో కొలుస్తుంది. ఆట్రోపోస్ తెంచేస్తుంది. ముగ్గురినీ కలిపి మొయిరాయ్ అన్నారు. క్రీస్తుపూర్వం 700 ప్రాంతంలో గ్రీకు కవి హెసియడ్ వీళ్లను ఒకచోట రాత్రి దేవత కూతుళ్లన్నాడు, మరోచోట దేవతల రాజు జ్యూస్ బిడ్డలన్నాడు. హోమర్ ‘ఇలియడ్’లో ఆ జ్యూసే కన్నకొడుకు సర్పెడాన్‌ను విధికి వదిలేసి, నెత్తుటి వాన కురిపించి ఊరుకున్నాడు.

అల్థయా కాలిడాన్ రాణి. కొడుకు మెలియాగర్ పుట్టగానే ముగ్గురూ వచ్చి, పొయ్యిలో కట్టె కాలినంతసేపే బిడ్డ బతుకుతాడన్నారు. బాలింత ఆ కొరివి లాగి, నీళ్లు చల్లి ఆర్పి, ఇంట్లో దాచేసింది. బిడ్డ పెరిగి వీరుడయ్యాడు. తండ్రి ఈనియస్ పంట మొక్కుల్లో వేట దేవత ఆర్టెమిస్‌ను మరిచిపోతే, ఆమె పగబట్టి పంపిన అడవిపందిని మెలియాగర్ చంపాడు. దానికి మొదటి గాయం చేసిన వేటగత్తె అటలాంటాకు తలా తోలూ కానుకిచ్చాడు. ఆడదానికా అంటూ మేనమామలు లాక్కున్నారు. ఆ మామలిద్దర్నీ మెలియాగర్ పొడిచేశాడు.

హోమర్ కథలో కొరివి లేదు, తల్లి శాపమే ఉంది. రోమన్ కవి ఓవిడ్ చెప్పిన తీరే నాకు ప్రాణం. కొడుకు గెలిచాడని మొక్కు చెల్లించబోతున్న అల్థయాకు తోడబుట్టినవాళ్ల శవాలు కనిపిస్తాయి. మంట వేయించి, కొరివిని నాలుగుసార్లు అందులో వేయబోయి నాలుగుసార్లూ ఆగిపోతుంది. అమ్మా ఆమే, అక్కా ఆమే. చివరికి మొహం తిప్పుకుని, వణికే చేత్తో విసిరేస్తుంది. ఎక్కడో ఉన్న మెలియాగర్‌కు లోపల్నించి ఒళ్లు కాలిపోతుంది. తండ్రినీ తోబుట్టువులనూ భార్యనూ పిలుస్తాడు, బహుశా తల్లిని కూడా పిలిచాడేమో అంటాడు ఓవిడ్. అక్కడ నాకు ఎప్పుడూ గొంతు పూడుకుపోతుంది. ఆ తర్వాత అల్థయా కూడా బతకలేదు.

రోమన్లకు ఈ ముగ్గురూ పార్కేలయ్యారు. ఆట్రోపోస్ చేతిలో కత్తెర పెట్టి ఎందరో చిత్రకారులు బొమ్మలు గీశారు. ఆ తర్వాత ముగ్గురూ తలోదారి పట్టారు. లాకెసిస్ పేరు అమెరికా ఖండపు విషసర్పాలకు వెళ్లింది. చెడిపోతే ఎలుకలను తొందరగా ముసలివి చేసే ఒక జన్యువుకు జపాన్ శాస్త్రవేత్తలు 1997లో క్లోతో పేరు పెట్టారు. వృక్షశాస్త్రవేత్త లినేయస్ 1753లో ఒక విషపు మొక్కను ఆట్రోపోస్ పేరు మీద అట్రోపా బెల్లడోన్నా అన్నాడు. దాన్నుంచి అట్రోపిన్ వచ్చింది. మన ఆసుపత్రుల్లో ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు విషానికి విరుగుడుగా ఇచ్చేది ఆ మందే.