కదలని జంటల వేట

ఉగాది రోజుల్లో రాత్రి తొమ్మిది దాటాక చింతలపూడిలో ఉత్తరం వైపు తలెత్తితే సప్తర్షి మండలం కనిపిస్తుంది. కంటికి ఆననంత మసకగా అందులో ఓ జంట చుక్క ఉంది. 1979లో ఖగోళ శాస్త్రవేత్తలు వాల్ష్, కార్స్‌వెల్, వేమన్‌ ఆ రెంటి వర్ణపటాలూ తీస్తే అచ్చుగుద్దినట్టు కలిశాయి. ఉన్నది ఒకే క్వేజార్, అంటే సుదూర గెలాక్సీ నడిబొడ్డున వెలిగే కేంద్రం. నడుమ ఉన్న గెలాక్సీ గురుత్వం దాని కాంతిని వంచి రెండుగా చూపిస్తోంది. గెలాక్సీలు ఇలా కటకాలు కాగలవని జ్వికీ 1937లోనే చెప్పాడు. తీరా దొరికింది మాత్రం రేడియో మూలాల ఆరా తీస్తుంటే, అనుకోకుండా!

అదృష్టాన్ని నమ్ముకుంటే ఇలాంటి జంటల లెక్క పెరగదు. అందుకే స్లోన్ ఆకాశ సర్వేలోని క్వేజార్లను జల్లెడ పట్టారు. దాదాపు 50,800 క్వేజార్లలో కటకపు జంటలుగా నికరంగా నిలిచినవి 26. మిగతా అనుమానితుల్లో క్వేజార్ పక్కన కాకతాళీయంగా కనబడే మన పాలపుంత నక్షత్రాలూ ఉన్నాయి.

ఆ నక్షత్రాలను పట్టించేది వాటి కదలిక. ఏళ్ల తరబడి చూస్తే నక్షత్రం కాస్తయినా జరుగుతుంది. వందల కోట్ల కాంతి సంవత్సరాల అవతలి క్వేజార్ జరిగినట్టే ఉండదు. ఈ కదలికల చరిత్రలో హైదరాబాదుకూ వాటా ఉంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీ, ప్రపంచ నక్షత్ర పట పథకంలో దక్షిణాకాశపు 17 నుంచి 23 డిగ్రీల పట్టీని తలకెత్తుకుంది. పోకాక్, ఆ తర్వాత టి.పి. భాస్కరన్ హయాంలో గాజు పలకల మీద ఒక్కో చుక్కనూ చేత్తో కొలిచారు. అది పూర్తయ్యాక ఉత్తరాన 36–39 డిగ్రీల పట్టీ కూడా చేశారు. గుమాస్తా పనిలా కనిపించే ఈ శ్రమను మన సైన్సు చరిత్రలు ఒక్క వాక్యంలో దాటేయడం నాకు మింగుడుపడదు. ఆనాటి స్థానాలను హిప్పార్కస్ ఉపగ్రహపు కొలతలతో పోల్చే, 2000లో వచ్చిన టైకో-2 పట్టిక 25 లక్షల నక్షత్రాల కదలికలు తేల్చింది.

గయా ఉపగ్రహం ఆ పనినే వంద కోట్లకు పైగా చుక్కలకు చేసింది. 2018 పట్టికతో వేట తీరే మారింది: దగ్గర దగ్గరగా ఉండి, రెండూ కదలకపోతేనే అనుమానితుల జాబితాలోకి. అయినా విడివిడిగా పుట్టిన క్వేజార్ల జంటలు ఈ వడపోతలోంచి జారిపోతాయి. వాటిని వేరుచేయాలంటే ఇప్పటికీ 1979 నాటి పద్ధతే గతి: ఒక్కోదానికి వర్ణపటం తీయాలి, మధ్యలో గెలాక్సీ ఉందో లేదో చూడాలి. చిలీలోని రూబిన్ అబ్జర్వేటరీ కొత్త అనుమానితులను వేలల్లో ఇవ్వబోతోంది. ఇక కొరతంతా వాటిని తేల్చే పెద్ద టెలిస్కోపుల రాత్రులకే.