పందెం ఏ రోజు? గుర్రపు పందేల క్యాలెండర్ కథ

గుర్రపు పందెంలో న్యాయం అనగానే ఏ గుర్రం వీపున ఎంత బరువు పెట్టారన్నదే చూస్తారు. అంతకంటే ముందు చూడాల్సింది తేదీ. ఒకే వారంలో రెండు ఊళ్లలో మంచి పందేలు పెడితే, ఇరవై గుర్రాలున్న ట్రైనర్ రెండు చోట్లకూ పంపగలడు. ఒక్క గుర్రమే ఉన్నవాడు ఒకటి వదులుకోవాల్సిందే. పరుగు తీసి వచ్చిన గుర్రం మళ్లీ పుంజుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. అందుకే పందేల చరిత్రలో తేదీల చరిత్రది పెద్ద వాటా.

ఉత్తరాంధ్ర పల్లెలు ఈ చిక్కును నిబంధనల పుస్తకం లేకుండానే చాలావరకు విప్పుకున్నాయి. సంక్రాంతి వచ్చిందంటే ఇక్కడ తీర్థాల కాలం. కనుమ నాడు ఒక ఊరు, ముక్కనుమ నాడు మరో ఊరు, ఆ తర్వాత కొన్ని వారాల పాటు ఏ ఊరి తీర్థం ఆ ఊరిది. అనకాపల్లి వైపు తీర్థాల్లో ఎడ్లబండ్ల పందేలతో పాటు గుర్రాల పరుగులూ ఉంటాయి. తేదీలు వేరు కనుక ఒకే రౌతు ఒకే గుర్రంతో ఊరి తర్వాత ఊరు తిరగొచ్చు. జాతరలదీ ఇదే దారి. విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం దసరా వెళ్లాక వచ్చే మంగళవారం. రాజాంలో పోలిపల్లి పైడితల్లి యాత్ర వేరే రోజుల్లో. ఎవరి రోజు ఎవరిదో జనానికి ముందే తెలుసు.

సమ ఉజ్జీలను చూసి పోటీ పెట్టే పద్ధతీ పల్లెకు కొత్త కాదు. కోస్తాలో ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పోటీల్లో పళ్లను బట్టి విభాగాలుంటాయి: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన జూనియర్, సీనియర్. ఎద్దు మూతి తెరిచి, కింది దవడ ముందు పళ్లు చూసి వయసు తేలుస్తారు. ముదురు ఎద్దు లేత ఎద్దు మీద పోటీకి దిగకుండా ఉండటానికే ఈ పరీక్ష.

ఇక నిబంధనల పుస్తకమున్న పందేల సంగతి. ఇంగ్లండులో తొలి పందేలు ఇద్దరు యజమానుల మధ్య ఒప్పందాలు. ఇద్దరికీ వీలైన రోజే పందెం రోజు. గుర్రాల సంఖ్య పెరిగాక ఆ పద్ధతి సాగలేదు. 1773లో జేమ్స్ వెదర్బీ రేసింగ్ క్యాలెండర్ అచ్చువేయడంతో ఎక్కడ, ఎప్పుడు, ఏ షరతుల మీద పందెమో అందరికీ ఒకేసారి తెలిసే వీలు కలిగింది. 1855లో జాకీ క్లబ్ హ్యాండిక్యాపర్ (గుర్రాలు మోయాల్సిన బరువులు నిర్ణయించే అధికారి) అయిన అడ్మిరల్ రౌస్ వయసుకు తగిన బరువుల పట్టికకు శాస్త్రీయమైన రూపు ఇచ్చాడు.

మన దేశానికి పందేలు ఇంగ్లీషు దండులతో పాటు వచ్చాయి. మద్రాసులో 1777లో మొదలయ్యాయి. కలకత్తా టర్ఫ్ క్లబ్ 1847లో ఏర్పడింది. హైదరాబాదులో 1868లో మౌలాలీ మైదానంలో మొదలైన పందేలను 1886లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ తన భవనానికి దగ్గరగా ఉండేలా మలక్‌పేటకు మార్పించాడు. ప్రభువుకు అనువైన చోటే అందరికీ మైదానమైంది. చిన్న యజమాని వీలు అడిగినవాడు లేడు.

క్యాలెండర్‌ను మొదట దిద్దినవి వానలు, ఎండలు. బొంబాయిలో వానలు పడితే పందేలు పుణెకు తరలేవి. మద్రాసు గుర్రాలు ఎండాకాలం ఊటీ ఎక్కేవి. బెంగళూరుకు వేసవి, మైసూరుకు ఆ తర్వాతి నెలలు దక్కాయి. హైదరాబాదుకు జులై నుంచి వానాకాలం సీజన్, ఆపైన శీతాకాలం సీజన్. రెండు వేల మీటర్ల డెక్కన్ డెర్బీ తరచూ అక్టోబరు 2న జరుగుతుంది. అది మూడేళ్ల గుర్రాల పందెం. అక్కడ నెగ్గిన గుర్రానికి ఫిబ్రవరిలో ముంబయిలో జరిగే 2,400 మీటర్ల ఇండియన్ డెర్బీకి సిద్ధం కావడానికి నాలుగు నెలల వ్యవధి దొరుకుతుంది. ఇండియన్ డెర్బీ 1943లో మొదలైంది.

ప్రాంతాల మధ్య న్యాయానికి తోడ్పడిన పెద్ద ఏర్పాటు 1963లో మొదలైన ఇండియన్ టర్ఫ్ ఇన్విటేషన్ కప్. ముంబయి, కోల్‌కతా, చెన్నై, బెంగళూరు, హైదరాబాదు వంతులవారీగా దానికి ఆతిథ్యమిస్తూ వచ్చాయి. ఒక ఏడు దూరం వెళ్లిన ట్రైనర్‌కు మరో ఏడు సొంత మైదానంలోనే పందెం.

మామూలు పందేల్లో న్యాయం ప్రాస్పెక్టస్‌తో మొదలవుతుంది. సీజన్‌కు ముందే క్లబ్ పందేల జాబితా ప్రకటిస్తుంది. గుర్రాలను రేటింగ్ వారీగా తరగతులు చేస్తారు. రేటింగ్ ఎక్కువైన కొద్దీ వీపున బరువూ ఎక్కువే. జాబితాలో తక్కువ రేటింగ్ గుర్రాల పందేలు తగ్గిపోతే చిన్న ట్రైనర్ల కొట్టాల్లో గుర్రాలు మేత తింటూ నిలబడిపోతాయి. గెలుపు లేని నెలలోనూ దాణా ఖర్చు ఆగదు. ఎంట్రీలు మరీ ఎక్కువైనప్పుడు పందేన్ని రెండుగా విడగొట్టడం వాళ్లకు ఊపిరి పోస్తుంది.

క్యాలెండర్ చెదిరినప్పుడు దాని విలువ తెలిసింది. 2008లో గుర్రాలకు ఇన్‌ఫ్లుయెంజా సోకి రాకపోకలు ఆగిపోయాయి. 2020లో కరోనాతో మైదానాలు మూతపడ్డాయి. 2024లో తమిళనాడు ప్రభుత్వం ఊటీ, చెన్నైలోని గిండీ మైదానాల స్థలాలను స్వాధీనం చేసుకోవడంతో దక్షిణాది వరుసలో ఖాళీ ఏర్పడింది.

2014లో రాష్ట్రం విడిపోయాక మలక్‌పేట తెలంగాణకు వెళ్లింది. ఆంధ్రప్రదేశ్‌కు సొంత టర్ఫ్ క్లబ్ లేకుండా పోయింది. రాజాం వాసి గుర్రం కొన్నా, ఎంట్రీ వేయాలంటే హైదరాబాదుకో కోల్‌కతాకో పోవాలి. అంత దూరం నుంచి వచ్చే గుర్రానికి రెండు పందేల మధ్య తగిన వ్యవధి ఉండేలా జాబితా వేయడం క్లబ్బుల బాధ్యత.