నాందేడు జిల్లాలో నిర్వాసితులైన స్త్రీలు, శిశువులు (1947-48)

నేడు మహారాష్ట్రలో నున్న నాందేడు 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రపు జిల్లా. ముధోలు, భైంసా, బిచ్కుంద, జుక్కల్ అప్పటికి దానిలోనివే. కావున దాని చరిత్ర మనదియు నగును.

1947-48లో రజాకారులకు వెఱచి హిందూ కుటుంబములు పెక్కు పిల్లాజెల్లలతో సరిహద్దు దాటి బీరారునకు చేరినవి. ఈ వలస మన గ్రంథముల కెక్కినది. 1948 సెప్టెంబరు 17న నిజాము లొంగిన పిమ్మట ముస్లిం కుటుంబములకు గలిగిన దుర్దశనుగూర్చి మాత్రము మనము మాటాడుట తక్కువ.

ఆ నవంబరు, డిసెంబరులలో భారత ప్రభుత్వము పక్షమున పర్యటించిన పండిత సుందర్‌లాల్ సంఘము, హతులు 27 వేలనుండి 40 వేలవఱకు నుందురనియు, వారిలో 18 వేలకు తక్కువ గాకుండ ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలవారే యనియు నంచనా వేసెను. హతులలో పురుషులే అధికులు. కనుక ఇల్లు దగ్ధమై, పొలము అన్యాక్రాంతమై, వీధిని బడినవారు వితంతువులు, బిడ్డలు. అపహృతలైన స్త్రీలను కొందఱిని షోలాపూరు, నాగపూరుల వఱకు గొనిపోయిరట! మృతుల సంఖ్యపై నేటికిని సాగు వాదములో ఈ బ్రతికినవారు మఱుగుపడుచున్నారు.

నివేదిక చిరకాలము వెలికి రాలేదు. 2013 నాటికి గాని ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయమున పరిశోధకులకు చిక్కలేదు. అందే మఱియొక సంగతియు గలదు: హిందూ నేతగాండ్రు తమ తోడి ముస్లిం నేతగాండ్రను కాపాడబోయి కొన్నియెడల ప్రాణములనే కోల్పోయిరి, అపహృతలను వెదకి తెచ్చుటలో పెక్కురు హిందువులు తోడ్పడిరి.